వెచ్చగా ఉంది, పలకడం లేదు

గ్లోరీ పొద్దున లేవగానే, ముఖం కూడా కడుక్కోకముందే, బల్ల మీది కంప్యూటర్‌ను నిద్రలేపి దాని మీద అరచెయ్యి ఆనించేది. అది ఇటుకలో సగం కూడా ఉండదు. లోపల ఫ్యాన్ లేదు, తిరిగేదేదీ లేదు, కాబట్టి చప్పుడు చేయదు. చెయ్యి కింద వెచ్చదనం తెలిసేలోపే దాని గొంతు వచ్చేది. ముక్కుతో మాట్లాడే మనిషెవరో కొత్తగా తెలుగు నేర్చుకుని, ఒత్తులన్నీ మింగుతూ చదివినట్టు ఉండే గొంతు. మా రెండు పోర్షన్ల నడుమ గోడ పలచన. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. కొన్నాళ్ళకు అది వినపడితే గాని తెల్లవారినట్టు అనిపించేది కాదు.

మహబూబ్‌నగర్‌లో రైల్వే గేటు దాటాక భద్రమ్మ ఇంట్లో మేమిద్దరం పక్కపక్కన కిరాయికి ఉండేవాళ్ళం. నేను పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయాక పుస్తకాలు తప్ప వేరే లోకం పెట్టుకోలేదు. గ్లోరీకి చూపు లేదు. ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా పని.

ఆత్మకూర్ దగ్గర కూలికి పోయే ఇల్లు ఆమెది. చిన్నతనంలో తట్టు పోసి చూపు పోయిందట. చర్చివాళ్ళు పూనుకుని హైదరాబాద్‌లో చూపులేని పిల్లల హాస్టల్లో చేర్చారు. దీపాలు ఆర్పాక, వరసగా పడుకున్న పిల్లల్లో ఎవరు నిద్రపోయారో, ఎవరు ఇంటిని తలుచుకుంటున్నారో ఊపిరిని బట్టి చెప్పేదాన్నని ఒకసారి నాతో అంది. ఆ చెవితోనే ఉద్యోగం వచ్చింది. ఆమె టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్న కాలంలో ఆ ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆమె వేళ్ళ మీదుగానే పోవాలి. అవతల ఫోను ఎత్తి ఇంకా పెదవి కదపకముందే "నమస్తే సార్, బిల్లుల సెక్షనే గదా" అనేదట.

తర్వాత అందరి చేతుల్లోకీ సెల్లు వచ్చింది. జిల్లాలు విడిపోయినప్పుడు సగం మందిని వనపర్తికీ, నాగర్‌కర్నూల్‌కీ, గద్వాలకీ పంచేశారు. "గొంతులన్ని పోయినయ్ అక్కా" అని ఒక సాయంత్రం వచ్చి నా గడప మీద కూర్చుంది. బోర్డు విప్పి తీసుకుపోయారు. బల్ల, కుర్చీ, ఒక ఫోను మిగిలాయి. ఆ ఫోనుకు ఎవరూ చేయరు. ఆమె మాత్రం రోజూ వెళ్ళి పొద్దంతా దాని ముందు కూర్చుని వచ్చేది.

ఇంటికి రాగానే తలుపు వేసుకునేది. ఆ ముక్కుగొంతు చదవడం మొదలుపెట్టేది. కథలు, బైబిలు, పేపర్లో పంటల ధరలు, ఏదైనా. సెల్లులో కూడా గొంతు ఉంటుంది కదా అని నేనొకసారి అడిగాను.

"ఉంటది అక్కా. గని ఫోన్ల చదువుడంటే బస్సుల నిలవడి తిన్నట్టుంటది. ఇది కూసోని తిన్నట్టు."

ఆ యంత్రంతో ఆమెకు ఒక్కటే ఇబ్బంది. పూర్తిగా ఆర్పి మళ్ళీ లేపితే, అది వెచ్చబడడానికీ గొంతు రావడానికీ నడుమ కాస్త ఎడం. మనకైతే ఆ సమయంలో తెర మీద అక్షరాలు పోతుంటాయి, ఏదో జరుగుతోందని తెలుస్తుంది. ఆమెకు ఏమీ లేదు. "గా జర సేపు, అది బతికున్నదో లేదో, నేను ఏడున్ననో గూడ తెల్వనట్టుంటది" అనేది. అందుకే ఆర్పడమే మానేసి నిద్రపుచ్చడం అలవాటు చేసుకుంది. కరెంటు పోయినా ఆగకుండా చిన్న బ్యాటరీ డబ్బా ఒకటి కొని పెట్టుకుంది.

కమలాకర్ అని నల్గొండలో ఆమె స్నేహితుడు ఉన్నాడు. అదే హాస్టల్లో చదివినవాడు, అతనికీ చూపు లేదు. కంప్యూటర్లు బాగు చేస్తాడు. గ్లోరీ అతన్ని అడిగింది: లేవగానే, అన్నిటికంటే ముందు శబ్దం లేవాలి. అతను ఒక రోజు నల్గొండ నుంచే, నెట్టు మీదుగా, ఆమె యంత్రంలో కొత్త కెర్నల్ పెట్టాడు. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట మేలుకుని మిగతావాటినన్నిటినీ లేపే భాగమట అది. డిస్కులో జాగా తక్కువని పాతదాన్ని తీసేశాడు. "ఈసారి ఆర్పి లేపినప్పుడు కొత్తది వస్తది" అన్నాడు. గ్లోరీ ఆర్పలేదు. తీరికగా ఒక ఆదివారం చూద్దామని వాయిదా వేస్తూ వచ్చింది.

ఆ ఆదివారం రాకముందే తొలకరి ఉరుములు వచ్చాయి. అది 2018.

మా ఇంటావిడ భద్రమ్మకు ఉరుమంటే ప్రాణం పోతుంది. వాళ్ళది గొర్ల మందలున్న కుటుంబం, తిరుమలగిరి అవతలి ఊరు. పెళ్ళైన కొత్తలో వానకు వేపచెట్టు కింద ఒక్క దగ్గర చేరిన మంద మీద పిడుగు పడి గొర్లన్నీ పోయాయి, మరిది బీరప్ప పోయాడు. ఇప్పుడు పట్నంలో గొర్లు లేవు, ప్లగ్గులున్నాయి. మబ్బు గుర్రుమంటే చాలు, మెయిన్ బంద్ చేసి, తాళంచెవుల గుత్తి పట్టుకుని ప్రతి పోర్షన్‌లోకీ వెళ్ళి గోడకున్న వైర్లన్నీ పీకేస్తుంది. ఆ రోజు గ్లోరీ ఆఫీసులో ఉంది. భద్రమ్మ బ్యాటరీ డబ్బాను గోడ నుంచి పీకి, అనుమానం తీరక దాని నుంచి కంప్యూటర్‌కు పోయే వైర్లను కూడా పీకేసింది; యంత్రం పూర్తిగా ఆరిపోయింది.

మర్నాడు గోడ అవతల గొంతు లేదు. నేను టీ తాగి, గిన్నె కడిగి, పేపరు చదివాను. ఇంకా లేదు. వెళ్ళి చూస్తే గ్లోరీ బల్ల ముందు కూర్చుని ఉంది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి.

"వెచ్చగ ఉన్నది అక్కా" అంది. "పలుకుతలేదు."

భద్రమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. "నేను గుంజిన బిడ్డా. పిడుగు వడ్తదని గుంజిన."

"నువ్వు మంచికే జేసినవ్ పెద్దమ్మా."

"మంచికి జేస్తే గిట్లెందుకైతది?" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టౌనులో రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాం. అతను తెరకు తగిలించి చూసి, "బొమ్మ మంచిగనే వస్తాంది గదమ్మా, ఇంకేం గావాలె?" అన్నాడు. గ్లోరీ నవ్వింది. అన్నీ తుడిచి కొత్తగా ఎక్కిస్తానన్నాడు. ఆమె కంప్యూటర్‌ను కొంగులో చుట్టుకుని బయటకు వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె మెల్లగా ఆగిపోయింది. ఆఫీసుకు సెలవు పెట్టింది. పొయ్యి వెలిగించడం మానేసింది. నేను అన్నం తీసుకెళితే "తింట అక్కా" అనేది, సాయంత్రానికి కంచం అలాగే ఉండేది. ఆ సమయంలోనే ఆమె అన్న దశరథ్ షాద్‌నగర్ నుంచి చూడటానికి వచ్చాడు. కంపెనీలో షిఫ్టు పని. భార్య పోయి కొంత కాలమైంది, కూతురు అత్తగారింట్లో ఉంది. వచ్చి, కంచం చూశాడు, చెల్లెలిని చూశాడు.

"గీ డబ్బా పండుకుంటే నువ్వు పండుకున్నవు. గిట్ల ఒక్కదానివి ఉంటవా?"

"బాగు జేస్త అన్నా."

"ఎవలు జేస్తరు? నువ్వా? కండ్లున్నోనికే తెల్వలే."

"కండ్లున్నోనికి అది కరాబైనట్టే తెల్వలే. గదే వాని కష్టం."

దశరథ్‌కు నవ్వు రాలేదు. "ఐతారం బండి తెస్త. నా ఎదురుంగ ఆర్పు, నీ అంతట నువ్వు లేపు. మాట్లాడిందా, నేను ఉత్త బండి ఏస్కొని పోత, మళ్ళ నోరెత్త. లేదా, సామాను ఎక్కిచ్చి నాతోని షాద్‌నగర్ రావాలె."

ఆమె తల ఊపింది. అన్న వెళ్ళాక వచ్చి మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. తర్వాత అంది, "షాద్‌నగర్ల అన్న పొద్దుగాల పోతే మాపటికి వస్తడు అక్కా. గా ఇంట్ల గోడలు నాకు తెల్వయ్, గల్లీ తెల్వదు. ఈడ ఒంటిగనే ఉన్న, గని ఈడ నేను నడుస్త. ఆడ కూసుంట."

కమలాకర్‌కు ఫోను చేశాం. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాం. నా టీవీని తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాం. కీబోర్డు ముందు గ్లోరీ. కళ్ళున్నది నాకొక్కదానికే, నాకేమో ఏమీ తెలియదు.

"మేడమ్, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువుండ్రి" అన్నాడు కమలాకర్. "అర్థం జేసుకోవద్దు. అర్థం జేసుకుంటే మనుషులు నడుమల నడుమల ఇడిచిపెడ్తరు."

"పోస్టాఫీసుల నా పని గదే నాయినా. పైన రాసింది చదువుడే, లోపలిది కాదు."

"గట్లయితే మీరే మాకు సరైన మనిషి."

గ్లోరీ ఏదో కొట్టింది. లేచేటప్పుడు యంత్రం తనలో తాను చెప్పుకున్న మాటలన్నీ బారులుగా వచ్చాయి. నేను చదువుతూ పోయాను, ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, అంకెలు. గొంతు ఎండిపోయాక ఒక చోట, ఫలానా పేరున్న ఫర్మ్‌వేర్ ఫైలు ఎక్కించబోతే కుదరలేదని, ఎర్రర్ మైనస్ టూ అని ఉంది.

"ఆగుండ్రి మేడమ్" అన్నాడు కమలాకర్. గ్లోరీ వేళ్ళు కూడా ఆగాయి.

"మైనస్ రెండు అంటే?" అని అడిగాను.

"దొరకలేదని అక్కా. గని ఫైలు ఉన్నది. డిస్కుల ఉన్నది. నాకు తెలుసు."

"ఉన్నది గ్లోరక్కా" అన్నాడు కమలాకర్. "తప్పు నాదే. నువ్వు అన్నిటికన్న ముందట లేవాలన్నవని శబ్దం లేపే డ్రైవర్‌ను నేను కెర్నల్ లోపల్నే కుట్టేసిన. అది ముందుగాల్ల లేచింది. లేచి ఫైలు అడిగింది. అప్పటికి డిస్కు ఇంక తెరవనే లేదు. దొరకలేదనుకొని పండుకున్నది. డిస్కు తెరిచినంక మళ్ళ అడుగదు. నా మిషన్ల చిప్పుకు ఫర్మ్‌వేరే అక్కర్లేదు, గందుకే ఆడ మంచిగ పలికింది."

"అడిగింది నేను తమ్మీ" అంది గ్లోరీ.

నాకు అర్థం కాలేదని ఆమెకు నా మౌనం వల్లే తెలిసిపోయింది. నా వైపు తిరిగి చెప్పింది: శబ్దం చేసే చిప్పు ఉంది, కానీ దానంతట దానికి ఏమీ రాదు, లేచిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలును దానికి ఎక్కించాలి, అప్పుడే పలుకుతుంది. "మా నాయినోళ్ళు తెల్లారకముందే కూలికి పోతుండిరి. గప్పటికి ఇంట్ల పొయ్యి ఎలిగియ్యరు. గందుకని ముందురోజే సద్ది గట్టి పెడుతుండె మా అమ్మ. ఇది సద్ది లేకుంట పోయింది అక్కా. పొలం కాడ నిలవడి బువ్వ అడిగితే ఎవలు పెడ్తరు?"

సద్దిమూట లాంటిది నిజంగానే ఉందట. కెర్నల్‌తోపాటే తెరుచుకునే చిన్న మూట. డిస్కు తెరవకముందే అవసరపడే సామానంతా అందులో ఉంటుంది. ఆ ఫైలును అందులో పెట్టి మూట మళ్ళీ కట్టాలి.

"నెట్టు కలుపు, ఈడికెళ్ళి నేనే చేసేస్త" అన్నాడు కమలాకర్.

"వద్దు. రేపు మళ్ళ ఉరిమితే నిన్ను లేపాల్నా? నువ్వు చెప్పు, నేను జేస్త, అక్క చదువుతది."

చేసింది. కొట్టిన ప్రతి వరసనూ నాతో తిరిగి చదివించుకుంది. మూట కట్టి, ఆర్పి, లేపి, చెయ్యి పెట్టి కూర్చుంది. వెచ్చబడింది. పలకలేదు. మళ్ళీ చదివితే మళ్ళీ మైనస్ టూ. కమలాకర్‌కు డ్యూటీ వేళైంది. గ్లోరీ లేచి వెళ్ళి గోడకు ముఖం పెట్టి పడుకుంది. శనివారం పగలంతా లేవలేదు. నేను టీవీ విప్పి తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే అయిపోయిందని చెప్పినట్టు ఉంటుందనిపించింది.

ఆదివారం చర్చి నుంచి ఆమె ఒక్కతే కర్ర తాటించుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే, "అక్కా, మూటల ఏమేం ఉన్నయో ఇంకొక్కపారి చదువవా" అంది. కమలాకర్‌ను ఫోనులోకి పిలిచింది. మూటలోని పేర్ల వరస తెర మీదకు తెచ్చింది. నేను చదువుతూ పోయి, మన ఫైలు పేరు రాగానే, "ఉన్నది, ఇంతకుముందు కూడ ఉండె" అన్నాను. "దాని పక్కన బాణం లెక్క ఉన్నది, దాని తర్వాత ఇంకో పేరు."

"ఏం బాణం?" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"బాణం అంటే, అడ్డగీత, దాని కొసకు మొన. అక్షరం కాదు గదా, చదువలేదు."

కమలాకర్ ఫోనులో తల కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "అది ఫైలు కాదు మేడమ్, ఉత్త పేరు! అసలుది వేరే పేరు మీద వేరే తాన ఉన్నది. గా బాణం అటు పొమ్మని చెప్తాంది."

ఈ ఒక్కటి మాత్రం నాకు తెలిసిన సంగతి. ఇల్లు మారినవాళ్ళ కవరు మీద పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసి పంపుతాం. మేము మూటలో కవరు పెట్టాం, అంతే. లోపల ఉత్తరం లేదు.

గ్లోరీ అసలు ఫైలును వెతికింది. నేను చదివాను. మూటలో పెట్టి కడుతుండగానే బయట బండి ఆగిన చప్పుడైంది. ట్రాలీ ఆటో. దశరథ్ భుజం మీద తాడు చుట్టతో లోపలికి వచ్చాడు. భద్రమ్మ కూడా వెనకే వచ్చి గడపలో నిలబడింది.

"అయిందా?" అన్నాడు.

"చూడలే ఇంక. నువ్వే పీకు అన్నా. తర్వాత పెట్టు."

ఆయన వంగి వైరు పీకాడు. యంత్రం చల్లబడేదాకా అలాగే ఉంచాడు, భద్రమ్మ పీకినప్పటిలాగే. తర్వాత పెట్టాడు. గ్లోరీ మీట నొక్కి అరచెయ్యి ఆనించింది. టీవీలో అక్షరాలు పోతున్నాయి. నేను వాటి వైపు చూడలేదు, ఆమె చేతి వైపు చూస్తున్నాను. వేళ్ళు కొంచెం విచ్చుకున్నాయి. వెచ్చబడిందన్నమాట.

ఏమీ లేదు. ఫోనులో కమలాకర్ గొంతు సవరించుకున్నాడు, వెంటనే ఆపుకున్నాడు. దశరథ్ భుజం మీది తాడు సర్దుకున్నాడు.

అప్పుడు ఆ ముక్కుగొంతు, ఒత్తులన్నీ మింగుతూ, ఆమె పేరూ సంకేతపదమూ అడిగింది.

భద్రమ్మ "అమ్మా" అని గోడకు ఆనుకుంది. కమలాకర్ నల్గొండలో ఎవరినో పేరు పెట్టి పిలిచి, "పలికిందిరా" అంటున్నాడు. గ్లోరీ కదలలేదు. ఆమె చెంపల మీద తడి ఉంది, తుడుచుకోలేదు.

"పలికింది" అన్నాడు దశరథ్.

"పలికింది అన్నా."

"నడుమ జర సేపు ఏం లేకుండె గదా. గా సేపు ఏం జేస్తవ్?"

"చెయ్యి వెట్టి ఉంట."

నేను టీ పెట్టాను. దశరథ్ నిలబడే తాగాడు. గది అంతా ఒకసారి చూశాడు: ట్రంకు పెట్టె, మడత మంచం, గోడకున్న యేసు పటం. వాటిని బండిలో ఎట్లా పేర్చాలో ముందే అనుకుని వచ్చిన మనిషి చూపులాగా ఉంది అది.

"నీకని ముందటి అర్రకు సున్నం ఏయించిన" అన్నాడు. "ఉండనీ. అడ్డమేం లేదు."

"అన్నా, ఉండు, తినిపో."

"షిఫ్టు ఉన్నది."

ఆదివారం షిఫ్టు ఉందో లేదో నాకు తెలియదు. గ్లోరీకి తెలిసే ఉండాలి. గడప దాకా వచ్చి నిలబడింది. ఆయన చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి తీసి, మెట్లు దిగాడు. నేను వెంట గేటు దాకా వెళ్ళాను.

బండి చప్పుడు రైల్వే గేటు వైపు మళ్ళి, రోడ్డు మీద కలిసిపోయాక, వెనక్కి వచ్చిన నన్ను గ్లోరీ అడిగింది.

"ఎట్ల పోయిండు అక్కా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం లోపల గొంతు వచ్చిన యంత్రం వల్ల కాదు. ఆమెకు నేనే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చదవమన్న మాట గుర్తొచ్చింది, కాని ఇది తెర కాదు.

"ఎంబడే ఎక్కలేదు" అన్నాను. "బండి ఎనుక తలుపు తీసిండు. లోపల ఏం లేదు గదా. అయినా తాడు ఈ పక్కకెళ్ళి ఆ పక్కకు గట్టి, గుంజి చూసిండు. గట్టిగున్నదా లేదా అని ఇంకోపారి చూసిండు. అప్పుడు ఎక్కిండు."

"ఇటు చూసిండా?"

"చూడలే."

ఆమె గడప పట్టుకుని అట్లాగే రోడ్డు వైపు చెవి పెట్టి నిలబడింది. లోపల ఆ గొంతు జవాబు కోసం కాసేపు ఎదురుచూసి, అడిగిందే మళ్ళీ అడిగింది. గ్లోరీ వెంటనే వెళ్ళలేదు.

"షాద్‌నగర్ చేరెటాలకు ఎంతైతది అక్కా?" అంది. "చేరినంక ఫోన్ జేస్త. ఇంట్ల ఎవలు లేరు గదా, తాళం దీసి లోపలికి పోయెటాలకు మోగాలె."